ఆ ఎర్ర చుక్క ముద్ర కాదు, చీర

గోదావరి మీద మంచు, మంచులో ఒక పడవ, పడవలో వెదురు టోపీ పెట్టుకున్న మనిషి, దూరంగా అవతలి ఒడ్డున ఒకే ఒక్క ఎర్ర చుక్క. ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు తెగ తిరుగుతోంది. ఆ పొద్దున నేనూ అక్కడే ఉన్నానని తెలిసినప్పటి నుంచి "లొకేషన్ పంపండి, ఎలా వెళ్ళాలి, ఎంతవుతుంది" అని ఒకటే ప్రశ్నలు. చెప్తాను. దారి చెప్తాను, ఖర్చు చెప్తాను, మంచు ఎప్పటిదాకా ఉంటుందో కూడా చెప్తాను. కానీ ఆ ఎర్ర చుక్క ఏమిటో విన్నాకే మీరు కెమెరా సర్దుకోవాలి. అది చచ్చిపోయిన అక్కకు తమ్ముడు తెచ్చిన చీర. పడవ రాక అతను అక్కడే నిలబడిపోయాడు. పడవ ఎందుకు రాలేదంటే, మేం ఫోటోలు తీసుకుంటున్నాం గనుక.

ఈ ప్రయాణం మా దుకాణంలో మొదలైంది. ఖమ్మంలో మాది ఫోటో ఫ్రేములు కట్టే దుకాణం, మా తాత పెట్టింది. నేను పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాను. పోయిన వానాకాలంలో ఒక లెక్చరర్ గారు చైనా సిరా చిత్రం అచ్చు ప్రతి ఒకటి ఫ్రేముకు ఇచ్చి వెళ్ళారు. నిలువుగా, పొడుగ్గా ఉంది. పైన కొండ కొన, కింద చిన్న వంతెన, వంతెన మీద చీమంత మనిషి, మధ్యలో వట్టి కాగితం. ఒక మూలన ఎర్రటి చదరపు ముద్ర, గీసినవాడి గుర్తు. మా అబ్బాజాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సగం కాయితం ఖాళీగనే ఉన్నది. గీసెటాయన నడుమలనే లేసిపోయిండా ఏంది?" అన్నారు. నేను మాత్రం పని మానుకుని ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా ఆ ఖాళీయే మంచు, ఆ ఖాళీయే నీళ్ళు అని తెలిసొచ్చింది. ఫ్రేములో కాస్త ఖాళీ కనబడితే ఒక మేనమామను లాక్కొచ్చి నిలబెట్టే అలవాటు నాది. అలా వదిలేయొచ్చని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

కొండలు, నీళ్ళు, పొగమంచు మనకూ ఉన్నాయి కదా, దుమ్ముగూడెం పైన చలికాలం పొద్దున గోదావరి అచ్చం అలాగే ఉంటుంది కదా అనుకుంటూ ఉండగానే ఒక ప్రకటన కనిపించింది. హైదరాబాద్ నుంచి ఒక సార్ వస్తారట, భద్రాచలం దగ్గర రెండు రోజుల శిక్షణ అట, చైనా చిత్రాల పద్ధతిలో ప్రకృతి ఫోటోలు నేర్పిస్తారట. ఫీజు ఎంతో ఇక్కడ రాయను, ఈ బ్లాగు మా అబ్బాజాన్ చదువుతారు. ఆ సార్ పేరు కూడా రాయను. అందరూ గురువుగారూ అంటున్నారు కాబట్టి నేనూ అదే రాస్తాను, ఎంత గురువో మీరే తేల్చుకోండి.

ఖమ్మం నుంచి భద్రాచలానికి బస్సులకు కొదవ లేదు. కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు మీదుగా మూడు గంటలు, మూడున్నర గంటలు. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు డబ్బులు అక్కర్లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చింపి ఇస్తారు. ఎడమవైపు కిటికీ పట్టుకోండి అని చెబుదామనుకున్నాను గానీ, ఆ రద్దీలో ఏ వైపు సీటు దొరికినా అదృష్టమే. కొత్తగూడెం దాటే వరకు బొగ్గు లారీలు, పాల్వంచ దగ్గర పొగగొట్టాలు, ఆ తర్వాత రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు. వంతెన దాటుతుంటే సాయంత్రం గోదావరి సగం నీళ్ళు, సగం ఇసుక. భద్రాచలంలో గుడి వీధికి దూరంగా తీసుకుంటే ఏడెనిమిది వందలకు శుభ్రమైన గది దొరుకుతుంది. పండగ రోజుల్లో మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఆ సాయంత్రం లాడ్జి హాల్లో గురువుగారి పాఠం. బాగా చెప్పాడు, అబద్ధం ఎందుకు? కొండ మగసిరి, నీళ్ళు మెత్తదనం, మనిషి వాటి మధ్య చుక్క అన్నాడు. చైనా చిత్రకారుడు కొండను చూసి వెంటనే గీయడు, ఇంటికొచ్చి కూర్చుని అది తనలో ఇంకేదాకా ఆగుతాడు అన్నాడు. "ప్రకృతి ఇచ్చేదాకా ఎదురుచూడాలి. దేన్నీ బలవంతం చేయకూడదు" అన్నాడు. నేను తలాడించి తలాడించి మెడ నొప్పి తెచ్చుకున్నాను. దేన్నీ బలవంతం చేయకూడదట! ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

తెల్లవారకముందే బయలుదేరాం. గురువుగారి బండి నిండిపోవడంతో నేను వేరే ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ కిరాయి, అక్కడ ఆగడానికి కలిపి వెయ్యి దాకా అడుగుతారు, కాస్త బేరం చేస్తే తగ్గుతారు. నా ఆటో డ్రైవర్ పేరు భద్రయ్య, దుమ్ముగూడెం వైపు ఊరివాడే. దుమ్ముగూడెం దగ్గర ఒక పాక ముందు టీకి ఆపాడు. నా మెడలో కెమెరా చూసి టీ పోసే పెద్దమ్మ, "ఇంత సలిల ఏం ఫోటోలు బిడ్డా? మంచుల ఏం కనవడతది?" అంది. "ఏమీ కనబడకపోవడమే కావాలి పెద్దమ్మా" అన్నాను. ఆమె భద్రయ్య వైపు చూసి, "గట్లనా? మంచిగనే ఉన్నదా పిల్లకు?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ ఊరు దాటి కొంచెం ముందుకెళ్ళాక మట్టి దారిలో దిగితే రేవు. పేరు రాయను, అక్కడికి ఇంకో పది బండ్లు దిగడం నాకు ఇష్టం లేదు. ఆ రేవుకు పడవ ఒక్కటే. దాన్ని నడిపే ముత్యాలుకు అరవై ఏళ్ళుంటాయి. నిండు చేతుల చొక్కా, దాని మీద మనవడిదేమో స్కూలు స్వెటర్, చెవులకు మఫ్లర్. గురువుగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి పెదవి విరిచాడు. సంచీలోంచి ఏం తీశాడనుకున్నారు? వెదురు టోపీ! చైనా చిత్రాల్లో జాలర్లు పెట్టుకునే, కోసుగా ఉండే టోపీ. హైదరాబాద్ నుంచి మోసుకొచ్చాడు మహానుభావుడు. దాంతో పాటు గోధుమరంగు శాలువా ఒకటి, బ్యాటరీతో వెలిగే లాంతరు ఒకటి. ముత్యాలు స్వెటర్ విప్పాడు, చొక్కా విప్పాడు. జేబులో ఫోన్ ఉబ్బెత్తుగా ఉంది, అదీ చొక్కాతో పాటు ఒడ్డునే పెట్టించారు. ఆ చలిలో శాలువా కప్పుకుని, టోపీ పెట్టుకుని నిలబడ్డ ఆ పెద్దాయన్ని చూస్తే పగటివేషగాడు కూడా ఇంతకన్నా నయం అనిపించింది.

"రెండు గంటలు పడవ మాది. నది మధ్యలో గెడ పాతి నిలబడు. ముఖం మావైపు. ఎవరు పిలిచినా కదలొద్దు. కదిలితే డబ్బు లేదు" అన్నాడు గురువుగారు.

ముత్యాలు తల గోక్కున్నాడు. "పొద్దుగాల అవతలొడ్డుకెల్లి ఇటు మనుషులొస్తరు సార్. మణుగూరు దిక్కు డ్యూటీ దిగినోళ్ళు..."

"రెండు గంటలు ఆగలేరా?"

ముత్యాలు టోపీ సరిచేసుకున్నాడు. పడవ నెట్టుకుంటూ మంచులోకి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అంత అందం నేను నా జన్మలో చూడలేదు. నీళ్ళెక్కడ అయిపోయాయో మంచెక్కడ మొదలైందో తెలియదు. అవతలి కొండలు వరసగా మూడు, దగ్గరిది చిక్కటి సిరా, దాని వెనకది పలుచన, చివరిది ఉందో లేదో. పడవ గాలిలో నిలబడ్డట్టుంది. మంచులో తీసేటప్పుడు కెమెరా తన లెక్క ప్రకారం అంతా బూడిద చేసేస్తుంది, ఒక మెట్టు వెలుగు పెంచుకోండి, అప్పుడే తెలుపు తెలుపుగా వస్తుంది. పొడుగు లెన్సు, గట్టి స్టాండు తప్పనిసరి. అలా తీసుకుంటూ ఉండగా మంచు ఒక్కసారి పలచబడింది. అవతలి ఒడ్డున ఎర్రగా ఏదో కదిలింది.

"ముద్ర!" అని గురువుగారు గట్టిగా అరిచాడు. "చూశారా! ప్రకృతే ముద్ర వేసింది! తీయండి, తీయండి!"

అందరం తీశాం. నేనూ తీశాను. లెన్సులో చిన్నగా ఒక మనిషి, అతని చేతిలో ఎర్రటి గుడ్డ, పైకీ కిందికీ ఊగుతోంది. నీళ్ళ మీదుగా "ఓ...ఓ..." అని సన్నగా గొంతు వినిపిస్తోంది. మాలో ఒకాయన, "జానపదం అనుకుంటా, ఎంత సహజంగా పాడుతున్నాడో" అన్నాడు. జానపదమట! ఆ నోట్లో మన్ను పడ.

అంతలో నా స్టాండు పక్కనున్న చొక్కాలో ఫోన్ మోగింది. "ఎవరో ఆపండి, వీడియోలో పడుతోంది" అన్నాడు గురువుగారు. ఒకామె కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్. మూడోసారి మోగితే నేను తీశాను. తెర నిండా ఒకే పేరు మీద వచ్చిన మిస్డ్ కాల్స్. శ్రీను అని ఉంది.

"మామా! ఏడున్నవే? ఫోన్ కట్ జేస్తవేందే?" గొంతు బొంగురుపోయింది. "పడవ కనవడుతనే ఉన్నది, నడుమల నిలబడి ఏం జేస్తున్నవ్? చీర ఊపుతున్న, సూస్తలేవా? బావ ఫోన్ ఎత్తుతలేడు, అక్కను ఎనిమిదింటికి లేపుతరంట. చీర ఏయంది లేపద్దని జెప్పు మామా, నీ కాల్మొక్త..."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లెన్సులో చూశాను. అక్కడ ఆ చుక్క అప్పుడే నోరు తెరుస్తోంది, నా చెవిలో ఆ మాట అప్పుడే వినిపిస్తోంది. 

పక్కనే నిలబడ్డ భద్రయ్యకు చెప్పాను. అతను నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ఇక్కడి సమ్మక్క తమ్ముడు మేడం! రాత్రి గుండెనొప్పితోని పోయిందామె. పెండ్లైన ఆడిది పోతే పుట్టినింటోళ్ళు చీర ఏసినంకనే లేపాలె. పుట్టినింటి చీర లేకుంట పోతే దిక్కులేనిదాని లెక్క. ముత్తైదువ గదా, ఎర్రచీర తెచ్చిండు." అప్పటికి ఏడున్నర దాటింది.

నేను గురువుగారి దగ్గరికి పరుగెత్తాను. పడవను వెంటనే అవతలికి పంపమన్నాను, ఎందుకో చెప్పాను. ఆయన కన్ను కెమెరా మీది నుంచి తీయలేదు. "ఐదు నిమిషాలు మేడం. ఈ వెలుగు మళ్ళీ రాదు."

"ఆమె మళ్ళీ వస్తుందా?" అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో రాస్తే ఈ బ్లాగు మూసేస్తారు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు, ఆ పిల్లికి కనీసం తాను కళాకారుణ్ణనే పొగరు ఉండదు. నేను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ముత్యాలును కేకేశాను. అతను కదల్లేదు. ఇంకో భంగిమ అడుగుతున్నాననుకుని లాంతరు ఇంకాస్త పైకెత్తాడు పాపం. "శ్రీను! అవతల శ్రీను ఉన్నడు! సమ్మక్క చీర!" అని నేనూ భద్రయ్యా కలిసి గొంతు చించుకుంటే అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. లాంతరు నీళ్ళలో పడింది. గెడ పీకి ఒక్క తోపు తోశాడు, టోపీ ఎగిరి గోదాట్లో కొట్టుకుపోయింది. "నా ఫ్రేమ్! నా ఫ్రేమ్ పోయింది!" అంటున్నాడు ఇక్కడ గురువుగారు.

మీలో కొందరు అడుగుతారు, రోడ్డు మీద రావచ్చు కదా అని. ఆ ఒడ్డు నుంచి బూర్గంపాడు వైపు వచ్చి, భద్రాచలం వంతెన దాటి, మళ్ళీ పైకి రావాలి. ఆ పొద్దున అతనికి బండి లేదు, బస్సు లేదు. పైగా పడవ కళ్ళ ముందే ఉంది, ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అనుకుంటూ నిలబడ్డాడు. ఎవరైనా అలాగే నిలబడతారు.

పడవ అవతలికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది, మంచు విడిపోయి ఎండ వచ్చేసింది. శ్రీను దిగాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బొగ్గు గనిలో కాంట్రాక్టు పని, రాత్రి డ్యూటీలో ఉండగా కబురు అందిందట. ఇంటికెళ్ళి తల్లి దగ్గర చీర తీసుకుని అటునుంచే వచ్చాడు. గోళ్ళలో బొగ్గు అలాగే ఉంది. చీర భుజాన ఉంది. ముత్యాలు ఆ శాలువాతోనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. "గొంతు ఇనవడ్డది కొడుకా. రోజు దాటెటోళ్ళనుకున్న. కదిలితే పైసలియ్య అన్నడు సారు. నువ్వని ఎర్కలే, నా తల్లితోడు ఎర్కలే." శ్రీను ఆటో వైపు నడిచాడు. భద్రయ్య అప్పటికే ఆటో స్టార్ట్ చేసి ఉంచాడు.

సమ్మక్క అత్తారి ఊరు ఎంతో దూరం లేదు, పడవ వచ్చేలోగా ఆటోలో వెళ్ళి ఆపమని చెప్పొచ్చని మా ఇద్దరికీ తట్టనే లేదు. ఆటో ఆ సందు తిరిగేసరికి ఇంటి ముందు వాకిట్లో నీళ్ళు పారుతున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసి కడుగుతున్నారు. శవాన్ని తీసుకెళ్ళాక ఇల్లు కడుగుతారని మీకు తెలుసు కదా. శ్రీను దిగలేదు. ఆ నీళ్ళను చూసి, "పోదాం పాండ్రి" అన్నాడు మెల్లగా.

వాగు పక్కన శ్మశానంలో, తుమ్మచెట్ల మధ్య అప్పుడే మట్టి కప్పేశారు. శ్రీను చీర పట్టుకుని దగ్గరికి వెళితే ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. సమ్మక్క మామగారి తమ్ముడట. "ఎంతసేపు సూడాలె? ఎండెక్కింది. మా ఇంటి చీరనే ఏసి లేపినం. పుట్టినింట్ల ఎవ్వరు లేనోళ్ళ లెక్క పంపినం దాన్ని."

"ఆరింటికే రేవుకాడ ఉన్ననే చినమామా."

"ఉన్నోనివి రావా? ఇప్పుడు గిట్ల జెప్పవడితివి."

నేను మధ్యలో దూరి చెప్పబోయాను. "నువ్వెవరమ్మా?" అన్నాడు. న్యాయమే, నేనెవరిని? అప్పుడు శ్రీను నా మెడలోని కెమెరా వైపు చూశాడు. "అక్కా, రేవుకాడ మీరు ఫోటోలు దీసిండ్రు గదా. అండ్ల నేనున్ననా?"

ఉన్నాడు. తెర మీద పెద్దది చేసి చూపించాను. కొండ, మంచు, టోపీ పెట్టుకున్న ముత్యాలు, వెనకాల ఎర్రచీర ఎత్తి పట్టుకున్న చిన్న మనిషి. తీసిన టైము కింద ఉంది. పెద్దాయన కెమెరాను చాలాసేపు పట్టుకుని చూశాడు. తర్వాత సమ్మక్క భర్తకు ఇచ్చాడు. ఆయన దాన్ని చూసి, నాకు తిరిగి ఇచ్చేసి, మట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "సమ్మక్కా, నీ తమ్ముడొచ్చిండే. పొద్దుగాల్నే వచ్చిండే" అని గట్టిగా చెప్పాడు, నిద్రపోయేవాళ్ళను లేపుతున్నట్టు. అప్పుడు ఏడ్చాడు శ్రీను. మట్టి పడ్డాక మళ్ళీ తీయకూడదన్నారు. చీరను మట్టి మీద పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. "ఒంటి మీద ఏసి రా అన్నది అమ్మ. ఏం జెప్పాలె ఇప్పుడు?" అని శ్రీను నన్నే అడిగాడు. 

ఆ సాయంత్రమే నేను శిక్షణ మానేసి ఖమ్మం వచ్చేశాను. వారం తిరక్కముందే గురువుగారు ఫోటో పెట్టాడు. దానికి పెట్టిన పేరు "మౌనం." ఆ మనిషి గొంతు పగిలేలా అరుస్తుంటే తీసిన ఫోటోకు మౌనం అని పేరు! కింద వందల కామెంట్లు, "ఎంత ప్రశాంతత సార్", "ఆ ఎర్ర ముద్ర ఒక్కటి చాలు సార్" అని. జరిగింది జరిగినట్టు కింద రాశాను. తీసేశాడు. మళ్ళీ రాశాను. నన్ను బ్లాక్ చేశాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఇది నా ఇల్లు, ఇక్కడ ఎవడూ తీసేయలేడు.

శ్రీను తన తల్లికి చూపించడానికి ఫోటో కావాలన్నాడు. మా దుకాణంలో నేనే పెద్ద సైజులో అచ్చు వేయించాను, అబ్బాజాన్ తన చేత్తో ఫ్రేము కట్టారు, ఈసారి ఖాళీ గురించి ఏమీ అనలేదు. మణుగూరు వెళ్ళి నేనే ఇచ్చొచ్చాను. ఆ లెక్చరర్ గారి చిత్రం దారంతా కళ్ళలో మెదిలింది. అందులో చీమంత మనిషికి ఒక వంతెన ఉంది. గీసినవాడు మనిషిని చిన్నగా గీశాడు గానీ దారి ఉంచాడు. మేం మనిషిని చిన్నగా తీశాం, అతని దారి మధ్యలో గెడ పాతి పడవను నిలబెట్టాం. శ్రీను తల్లి ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని, ఆ ఎర్ర చుక్క మీద వేలు పెట్టి వెతుక్కుంది. "నా కొడుకును గంత దూరంల ఎందుకు నిలవెట్టిండ్రు బిడ్డా?" అంది.

మీరు అడిగారు కాబట్టి ఒక్కటే చిట్కా. చలికాలంలో వెళ్ళండి, ఆరింటికల్లా ఏదో ఒక రేవులో ఉండండి, మంచు ఎనిమిది దాకా ఉంటుంది. కానీ పడవను కిరాయికి మాట్లాడుకోకండి, దాన్ని దాని పని చేసుకోనివ్వండి, వస్తూ పోతూ ఉన్న పడవే మీ ఫోటోలో ఉంటుంది. అవతలి ఒడ్డున ఎవరైనా చెయ్యి ఊపితే అది మీకు కాదు, పడవకు.